తిరిగొచ్చే నౌక చుట్టూ ఆ మంట ఎక్కడిది?

2025 జూలై 15న శుభాంశు శుక్లా బృందంతో స్పేస్‌ఎక్స్ వారి డ్రాగన్ నౌక కాలిఫోర్నియా తీరంలో సముద్రంలోకి దిగింది. ఇలాంటి రోజుల్లో మనకు వినిపించే వివరణ దాదాపు ఒకటే. గాలితో రాపిడి వల్ల నౌక చుట్టూ మంటలు వస్తాయి, హీట్ షీల్డ్ కాపాడుతుంది, కొన్ని నిమిషాలు సిగ్నల్ ఉండదు, అసలు టెన్షన్ అప్పుడే. బడిలో ఉల్కల గురించి చదువుకున్నదీ ఈ మాటే. ఇది తప్పు అనేస్తే కొంచెం కఠినంగా ఉంటుంది. కానీ రాపిడి అనుకున్నంత కాలం మూడు సంగతులు అంతుపట్టవు. నౌక ముందు భాగం కోసుగా లేకుండా మొద్దుగా ఎందుకుంటుంది? ఆ వెలుగులో గులాబీ, ఊదా ఛాయలు ఎక్కడివి? రేడియో ఎందుకు మూగబోతుంది? రాపిడిని కాసేపు పక్కన పెడితే ఈ మూడు ముడులూ ఒకే కొసన విడిపోతాయి.

ముందు లెక్క చూద్దాం. భూమికి 400 కి.మీ. ఎత్తున తిరిగే నౌక వేగం సెకనుకు సుమారు 7.7 కి.మీ. హైదరాబాద్ నుంచి విజయవాడకు అర నిమిషం పైచిలుకులో చేరే వేగం. ఆ వేగంలో ఉన్న ప్రతి కిలో బరువులోనూ సుమారు 30 మెగాజౌళ్ల గతిశక్తి ఉంటుంది. కిలో టీఎన్‌టీ పేలితే వచ్చేది 4 మెగాజౌళ్ల పైచిలుకే. కిలో ఇనుమును కరిగించి, మరిగించి, పూర్తిగా ఆవిరి చేయడానికి 8 మెగాజౌళ్లు అటూ ఇటూగా సరిపోతాయి. అంటే ఆ శక్తంతా నౌకలోకే చేరితే, నౌక మొత్తం ఇనుప దిమ్మె అయినా ఆవిరైపోగా ఇంకా ఎంతో మిగులుతుంది.

కక్ష్య నుంచి దిగడానికి నౌక తన ఇంజిన్లను వెనక్కి మండిస్తుంది కదా, వేగం అక్కడే తగ్గదా అనుకోవచ్చు. తగ్గేది సెకనుకు 100 మీటర్ల వరకే. 7,700లో 100. ఆ మాత్రం తగ్గితే కక్ష్య అడుగు భాగం గాలిలోకి జారుతుంది, అంతే. మిగతా వేగమంతా గాలే తీసుకోవాలి. ఆ శక్తిని నౌకకు అంటకుండా గాలికి ఎలా అంటగట్టాలన్నదే భూమికి తిరిగొచ్చే ఏ నౌక డిజైన్‌లోనైనా అసలు ప్రశ్న. బయట కనిపించే వెలుగు అలా అంటగట్టిన శక్తిదే.

అంతరిక్షానికి వెళ్లిన ప్రతివాళ్లకూ మంట తగలదు

2021 జూలై 11న తెనాలి మూలాలున్న శిరీష బండ్ల వర్జిన్ గెలాక్టిక్ వారి యూనిటీలో దాదాపు 86 కి.మీ. ఎత్తుకు వెళ్లివచ్చారు. ఆ నౌకకు భారీ హీట్ షీల్డ్ లేదు. తిరిగి వచ్చేటప్పుడు చుట్టూ వెలుగూ లేదు. హైదరాబాద్ మూలాలున్న రాజాచారి 2022 మే 6న డ్రాగన్‌లో దిగినప్పుడు మాత్రం కిటికీ బయట అంతా వెలుగే. ఇద్దరూ పైనుంచి ఒకే గాలిలోకి వచ్చారు. తేడా ఎత్తులో కంటే వేగంలో ఉంది. యూనిటీ గరిష్ఠ వేగం ధ్వనికి మూడు రెట్లు, అంటే సెకనుకు కిలోమీటరు లోపే. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వేగంలో ఏడెనిమిది రెట్ల తేడా శక్తిలో 60 రెట్లు అవుతుంది.

ఇదే సంగతిని ఒక్క గాలి అణువు దగ్గర చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. నౌకలో కూర్చున్నవాళ్ల దృష్టిలో నౌక నిలిచే ఉంది, గాలే ఎదురొస్తోంది. సెకనుకు 7.7 కి.మీ. వేగంతో వచ్చే ఆక్సిజన్ అణువు దగ్గర దాదాపు 10 ఎలక్ట్రాన్ వోల్టుల (అణువుల స్థాయిలో శక్తిని కొలిచే చిన్న కొలమానం) శక్తి ఉంటుంది. దాన్ని రెండు పరమాణువులుగా విడగొట్టడానికి 5 చాలు. నైట్రోజన్ గట్టి పిండం. దాన్ని విడగొట్టడానికి దాదాపు 10 కావాలి. దాని దగ్గరున్నది 8.6. అయినా వేడి గాలిలో అణువులన్నీ ఒకే ఊపులో ఉండవు, కొన్నింటికి సగటు కంటే ఎక్కువ ఊపు ఉంటుంది. అందుకే నైట్రోజన్‌లోనూ కొంత విరుగుతుంది. సెకనుకు కిలోమీటరు వేగంలో ఈ సంఖ్యలు 0.15 దగ్గరే ఆగిపోతాయి. ఏ అణువూ విరగదు. యూనిటీ చుట్టూ గాలి వేడెక్కింది, కానీ గాలిగానే ఉండిపోయింది.

రాపిడి కాకపోతే మరేంటి?

సైకిల్ ట్యూబ్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు భాగం వేడెక్కడం చాలామందికి అనుభవమే. లోపలి వాషర్ గొట్టానికి రాసుకోవడం వల్ల అనుకుంటాం. నిజానికి ఎక్కువ వేడి గాలిని నొక్కడం వల్ల పుడుతుంది. నౌక ముందు జరిగేదానికి మూలం ఇదే నొక్కుడు. కాకపోతే పంపులో గాలి నెమ్మదిగా నొక్కుకుంటుంది. అక్కడ ఒక్క దెబ్బలో.

ఎందుకు ఒక్క దెబ్బలో అంటే, గాలిలో కబురు ధ్వని వేగాన్ని మించి పోలేదు. మామూలు విమానం వస్తుంటే ముందున్న గాలికి ఒత్తిడి అలలు ముందే చేరి, అది పక్కకు తప్పుకుంటుంది. 60, 70 కి.మీ. ఎత్తున ధ్వని వేగం సెకనుకు 300 మీటర్ల దగ్గర ఉంటుంది. నౌక దానికి పాతిక రెట్ల వేగంతో వస్తుంది. నౌక వస్తోందని ముందున్న గాలికి తెలిసే దారే లేదు. తెలిసేసరికే నౌక దాని మీద ఉంటుంది. అలా తప్పుకోలేని గాలి ముందు పేరుకుపోయి గోడలా నిలుస్తుంది. ఆ గోడ బయటి అంచే షాక్ వేవ్. దాన్ని దాటిన గాలి రెప్పపాటు కంటే ఎంతో తక్కువ వ్యవధిలో తన వేగంలో చాలా భాగం పోగొట్టుకుంటుంది. ఒకే దిశలో వస్తున్న అణువులు అన్ని దిక్కులకూ చెల్లాచెదురుగా ఢీకొనడం మొదలుపెడతాయి. క్రమంగా ఉన్న వేగం క్రమం తప్పడమే వేడి. ఆ షాక్ వేవ్‌కూ నౌక ఒంటికీ మధ్య కొన్ని అంగుళాల మందంలో ఉన్న పొరే మనకు వెలుగుతూ కనిపించేది.

రాపిడి అసలు లేదా అంటే ఉంది. నౌక ఒంటిని ఆనుకుని జారే పలుచని పొరలో గాలి గాలితోనే ఒరుసుకుంటుంది, అక్కడా వేడి పుడుతుంది. కోసుగా, సన్నగా ఉన్న వస్తువుల పక్కల వెంబడి దాని వాటా ఎక్కువ. మొద్దు ముక్కు ముందు మాత్రం నొక్కుడుదే రాజ్యం.

ఈ తంతు ఏ ఎత్తున మొదలవుతుంది? నాసా తన లెక్కల కోసం 4 లక్షల అడుగులను, అంటే సుమారు 122 కి.మీ.ని, వాతావరణ ప్రవేశంగా తీసుకుంటుంది. నిజానికి అక్కడ ఏ గీతా లేదు. ఆ ఎత్తున ఒక గాలి అణువు ఇంకో అణువును ఢీకొనడానికి సగటున కొన్ని మీటర్లు ప్రయాణించాలి. నౌక వెడల్పే నాలుగు మీటర్లు. కాబట్టి అణువులు విడివిడిగా వచ్చి నౌకకు తగిలి పోతుంటాయి. గోడ కట్టడానికి సరిపడా జనం లేరు. 100 కి.మీ. దగ్గర ఆ దూరం పదిహేను సెంటీమీటర్లకు, 70 కి.మీ. దగ్గర మిల్లీమీటరుకు తగ్గుతుంది. షాక్ వేవ్ చిక్కబడేది ఈ మధ్యలోనే. ఇంకా కిందికి వస్తే గాలి చిక్కగానే ఉంటుంది కానీ నౌకకు ఆ వేగం మిగలదు. గాలి సరిపడా చిక్కగా, వేగం ఇంకా తగ్గకుండా ఉండే పట్టీ ఒకటి ఉంది. ఎక్కువ నౌకలకు అది 80 నుంచి 50 కి.మీ. మధ్య. గరిష్ఠ వేడి అక్కడే.

గాలి ప్లాస్మా అయ్యే దారి

ఇక్కడే నాకు అన్నిటికంటే నచ్చిన లెక్క ఒకటుంది. అపోలో నౌక చంద్రుడి నుంచి సెకనుకు 11 కి.మీ. వేగంతో వచ్చేది. మామూలు గాలి సూత్రాలతో లెక్క కడితే షాక్ వెనక ఉష్ణోగ్రత 58 వేల డిగ్రీలు వస్తుంది. నిజంగా ఉండేది 11, 12 వేల డిగ్రీల దగ్గర. మిగతాదంతా ఎక్కడికి పోయింది? అణువులను విడగొట్టడానికి, ఎలక్ట్రాన్లను ఊడదీయడానికి ఖర్చయింది. అణువులు గిరగిరా తిరగడానికీ, కంపించడానికీ కొంత పోయింది. గాలి తాను విరిగిపోతూ వేడిని మింగేస్తుంది. కక్ష్య నుంచి వచ్చే డ్రాగన్ లాంటి నౌకల ముందు గాలి 6, 7 వేల డిగ్రీల దాకా పోతుంది. సూర్యుడి ఉపరితలం దాదాపు 5,500.

ప్లాస్మా అంటే ఎలక్ట్రాన్లు కొన్ని విడివడి స్వేచ్ఛగా తిరిగే వాయువు. మరి కక్ష్య వేగంలో వచ్చే నైట్రోజన్ అణువు దగ్గరున్నది 8.6 ఎలక్ట్రాన్ వోల్టులే కదా. దాని నుంచి ఎలక్ట్రాన్ ఊడాలంటే 15.6 కావాలి. ఆక్సిజన్ అణువుకు 12. నేరుగా ఊడదీసేంత ఊపు ఎవరి దగ్గరా లేదు. అయినా ఎలక్ట్రాన్లు పుడతాయి, అదీ అడ్డదారిలో. ముందు అణువులు విడిపోయి ఒంటరి పరమాణువులు తయారవుతాయి. ఒక ఒంటరి నైట్రోజన్, ఒక ఒంటరి ఆక్సిజన్ ఢీకొని నైట్రిక్ ఆక్సైడ్‌గా కలుస్తాయి. ఆ కలయికలో 6.5 ఎలక్ట్రాన్ వోల్టులు బయటపడతాయి. నైట్రిక్ ఆక్సైడ్‌కు ఎలక్ట్రాన్ మీద పట్టు తక్కువ, 9.3 ఇస్తే వదిలేస్తుంది. లోటు 2.8 మాత్రమే. ఢీకొనే ఊపు దాన్ని పూడుస్తుంది. కక్ష్య నుంచి వచ్చే నౌకల చుట్టూ ఉండే ఎలక్ట్రాన్లలో ఎక్కువ భాగం ఇలా పుట్టినవే. చంద్రుడి నుంచి వచ్చే వేగంలో కథ మారుతుంది. అక్కడ పుట్టిన ఎలక్ట్రాన్లే తిరిగి పరమాణువులను కొట్టి మరిన్ని ఎలక్ట్రాన్లను రాలుస్తాయి, అవి ఇంకొన్నింటిని.

కక్ష్య వేగంలో ఇలా విడివడేది నూటికి ఒక్క కణం కూడా కాదు. మిగతా 99 వంతులు వేడి వాయువే. ప్లాస్మా అన్న మాట వినగానే అంతా ఎలక్ట్రాన్ల మయం అనుకోవద్దు. ఆ కాస్త ఎలక్ట్రాన్లే ఎంత పని చేస్తాయో రేడియో దగ్గరకు వచ్చినప్పుడు చూద్దాం.

ఇక రంగులు. వేడెక్కిన అణువు, పరమాణువు తన అదనపు శక్తిని కాంతిగా వదులుతుంది, ఒక్కోదానికి ఒక్కో రంగు. ఎలక్ట్రాన్ పోయిన నైట్రోజన్ అణువు నీలం, ఊదా కాంతి ఇస్తుంది. ఎలక్ట్రాన్ పోని నైట్రోజన్ అణువు ఎరుపు వైపు. రెండూ కలిస్తే గులాబీ. స్పేస్ షటిల్ రాత్రిపూట దిగేటప్పుడు కిటికీల్లో కనిపించిన గులాబీ వెలుగుకు మూలం గాలే. హీట్ షీల్డ్ కాలడం మొదలయ్యాక దాని పదార్థం కూడా కలుస్తుంది. కవచంలోని కార్బన్, గాలిలోని నైట్రోజన్ కలిసి ఊదా కాంతి ఇస్తాయి. రవ్వంత సోడియం ఉన్నా నారింజ రంగు తేలిపోతుంది. శాస్త్రవేత్తలు ఆ రంగులను చదివే పని పెట్టుకున్నారు కూడా. 2010 జూన్ 13న జపాన్ వారి అంతరిక్ష నౌక హయబుసా ఆస్ట్రేలియాలోని వూమెరా మీదుగా వచ్చినప్పుడు నాసా ఒక జెట్ విమానం నిండా కెమెరాలు పెట్టి ఆకాశంలో ఎదురుచూసింది. నౌక ముక్కలై మండిపోతుంటే, దాని ముందు చిన్న చుక్కలా క్యాప్సూల్ మాత్రం చెక్కుచెదరకుండా పోతున్న వీడియో ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఉంది. చూడనివాళ్లు చూడాల్సిందే.

మన దగ్గరి ఉదాహరణ కావాలంటే 2022 ఏప్రిల్ 2 సాయంత్రం. మహారాష్ట్ర ఆకాశంలో నిప్పుల గుంపు వరసగా కదిలిపోయింది. ఉల్కలు అనుకున్నవాళ్లు చాలామంది. ఆదిలాబాద్ వైపున్న చంద్రపూర్ జిల్లాలో ఒక పెద్ద లోహపు ఉంగరం పొలాల మధ్య పడింది. అది చైనా రాకెట్ భాగం అయ్యుంటుందని నిపుణులు అంచనా వేశారు. ఉల్కకూ దీనికీ తేడా కంటితోనే పట్టవచ్చు. ఉల్క సెకనుకు 11 నుంచి 70 కి.మీ. వేగంతో వచ్చి గీత గీసి మాయమవుతుంది. కక్ష్యలోంచి పడే రాకెట్ ముక్కలు అడ్డంగా, తాపీగా, నిమిషం పైన కూడా కనిపిస్తూ పోతాయి.

కోసు ముక్కు ఎందుకు ఓడిపోయింది

1950ల మొదట్లో అమెరికాలో క్షిపణుల వార్‌హెడ్లు గీసేవాళ్లు అందరిలాగే ఆలోచించారు. వేగంగా పోవాలంటే ముక్కు సూదిగా ఉండాలి. లెక్కలు వేస్తే ఆ సూది ముక్కు గాలిలో కరిగిపోతుందని తేలింది. అప్పుడు కాలిఫోర్నియాలోని ఏమ్స్ ప్రయోగశాలలో పనిచేసే హెచ్. జూలియన్ అలెన్ తిరగేసి ఆలోచించాడు. సూది ముక్కుకు షాక్ వేవ్ అంటుకునే ఉంటుంది. వేడి గాలి నేరుగా ఒంటి మీద పడుతుంది. ముక్కును మొద్దుగా చేస్తే షాక్ వేవ్ విడిపోయి ముందుకు జరుగుతుంది. వేడి ఆ దూరపు గాలిలో పుడుతుంది, ఎక్కువ భాగం పక్కల నుంచి వెనక్కి కొట్టుకుపోతుంది. పైగా మొద్దు వస్తువు గాలి పలుచగా ఉన్న ఎత్తులోనే వేగం పోగొట్టుకుంటుంది. సహచరుడు ఆల్ఫ్రెడ్ ఎగ్గర్స్‌తో కలిసి రాసిన ఆ పరిశోధన కొన్నేళ్లు రహస్యంగానే ఉంది. తర్వాత మెర్క్యురీ నుంచి అపోలో దాకా, ఇవాళ్టి డ్రాగన్, మన గగన్‌యాన్ క్యాప్సూల్ దాకా అందరిదీ అదే మొద్దు అడుగు. పుట్టిన వేడిలో 90 శాతం పైగా గాలితోనే పోతుంది. సాఫీగా దూసుకెళ్లే ఆకారమే మంచిదన్న సహజబుద్ధి ఇంత ఘోరంగా దెబ్బతిన్న సందర్భాలు ఇంజినీరింగ్‌లో అరుదు.

మిగిలిన ఆ కొద్ది శాతాన్ని కవచం చూసుకోవాలి. కవచాల్లో రెండు రకాలు. ఒకటి తాను కాలిపోతూ కాపాడేది. డ్రాగన్ అడుగున ఉండే ఫినాలిక్ రెసిన్ నింపిన కార్బన్ కవచం ఆ రకం. ఈ జాతి కవచం నాసా ఏమ్స్‌లోనే పుట్టింది. తోకచుక్క ధూళిని తెచ్చిన స్టార్‌డస్ట్ క్యాప్సూల్ 2006 జనవరి 15న సెకనుకు 12.9 కి.మీ. వేగంతో వచ్చి దాన్ని నిరూపించింది. రెసిన్ మాడి వాయువుగా మారి బయటకు ఊరుతుంది. ఆ వాయువు వేడి గాలిని ఒంటికి ఆననివ్వకుండా నెడుతుంది. మిగిలిన మసి పొర ఎర్రగా కాగి వేడిని కాంతిగా వెనక్కి పంపేస్తుంది. అందుకే ముందు గాలి 6, 7 వేల డిగ్రీల్లో ఉన్నా కవచం ఉపరితలం 1,900 డిగ్రీల దగ్గర నిలుస్తుంది. గాలి పలుచన కావడం కూడా ఇందుకు కలిసొస్తుంది. ఉష్ణోగ్రత ఎంత ఎక్కువైనా, మోసుకొచ్చే అణువులు తక్కువైతే అందే వేడి తక్కువే. రెండో రకం స్పేస్ షటిల్ సిలికా పలకలు. అవి కాలవు, వేడిని లోపలికి పోనివ్వవు, అంతే.

ఈ విద్యలో హైదరాబాద్ వాటా ఉంది. 1989 మే 22న ఒడిశాలోని చాందీపూర్ నుంచి ఎగిరిన తొలి అగ్ని క్షిపణి ముక్కుకు కార్బన్-కార్బన్ కవచం తొడిగారు. అబ్దుల్ కలాం నడిపిన హైదరాబాద్ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్ దాని వెనకుంది. కార్బన్ ఎందుకంటే, ఆ పరిస్థితుల్లో అది కరగదు. మూడున్నర వేల డిగ్రీలు దాటితే ఘనం నుంచి నేరుగా వాయువు అవుతుంది. ఇస్రో తన వంతుగా 2007లో 550 కిలోల ఎస్‌ఆర్‌ఈ-1 అనే ప్రయోగాత్మక క్యాప్సూల్‌ను శ్రీహరికోట నుంచి కక్ష్యకు పంపి, పన్నెండు రోజుల తర్వాత, జనవరి 22న, బంగాళాఖాతంలో దింపింది. కక్ష్య వేగం నుంచి ఒక వస్తువును చెక్కుచెదరకుండా వెనక్కి తేవడం మనకు అదే మొదలు. 2014 డిసెంబర్ 18న మనిషి పట్టేంత క్యాప్సూల్‌ను 126 కి.మీ. దాకా ఎత్తి అండమాన్ వైపు సముద్రంలోకి వదిలింది. అది కక్ష్య దాకా పోలేదు కాబట్టి ఆ పరీక్షలో వేడి తక్కువే. గగన్‌యాన్‌లో మనుషులు కూర్చునే ముందు పూర్తి కక్ష్య వేగంలో పరీక్ష కావాలనడానికి కారణం ఇదే.

కవచంలో లోపం ఉంటే ఏమవుతుందో 2003 ఫిబ్రవరి 1న ప్రపంచం చూసింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురితో వస్తున్న కొలంబియా ఎడమ రెక్క ముందు అంచుకు రంధ్రం ఉంది. ప్రయోగ సమయంలో ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క కొట్టిన దెబ్బ అది. ఆ అంచు 1,600 డిగ్రీలు పైగా తట్టుకునే కార్బన్. లోపలి రెక్క అల్యూమినియం, 660 డిగ్రీలకే కరుగుతుంది. రంధ్రం గుండా దూరిన వేడి గాలి రెక్కను లోపలి నుంచి తినేసింది. టెక్సాస్ మీద దాదాపు 60 కి.మీ. ఎత్తున నౌక ముక్కలైంది.

ఆ కొన్ని నిమిషాల మౌనం

రేడియో తరంగం ప్లాస్మాలోకి వచ్చినప్పుడు అక్కడి ఎలక్ట్రాన్లు దాని తాళానికి ఊగుతాయి. ఎలక్ట్రాన్లు తగినంత చిక్కగా ఉంటే, ఆ ఊపు తరంగాన్ని లోపలికి రానివ్వకుండా వెనక్కి కొట్టేస్తుంది. ఎంత చిక్కగా ఉంటే ఏ తరంగం ఆగుతుందో చెప్పే సూత్రం తేలికైనదే. నౌకలు మామూలుగా వాడే 2.3 గిగాహెర్ట్జ్ దగ్గర ఘన సెంటీమీటరుకు 6,500 కోట్ల ఎలక్ట్రాన్లు చాలు. కక్ష్య నుంచి దిగే నౌక ముక్కు దగ్గర ఆ సంఖ్య లక్షల కోట్లలో ఉంటుంది. నూటికి ఒకటి కూడా విడివడని వాయువు చేసే నిర్వాకం ఇది. నౌకకు చెవులు, నోరు బాగానే ఉంటాయి. చుట్టూ అద్దం నిలబడి మాటను తిరగ్గొడుతుంది.

1970 ఏప్రిల్ 17న అపోలో-13 దిగుతున్నప్పుడు ఈ మౌనం అనుకున్న దానికంటే నిమిషం పైన సాగింది. దారిలో నౌకలో జరిగిన పేలుడులో కవచం దెబ్బతిందేమోనన్న అనుమానం అప్పటికే ఉండటంతో హ్యూస్టన్ కంట్రోల్ కేంద్రంలో ఆ నిమిషం ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు. అంతకు ముందే దీన్ని ఛేదించే ప్రయత్నాలు జరిగాయి. 1965 మార్చిలో జెమిని-3 దిగేటప్పుడు ప్లాస్మాలోకి నీళ్లు చిమ్మి చూశారు. నీటి బిందువులు ఎలక్ట్రాన్లను పట్టేసి సంఖ్య తగ్గిస్తాయని ఆలోచన. సిగ్నల్ నిజంగానే మెరుగుపడింది. కానీ అంత నీళ్లు మోసుకెళ్లడం ఎవరికీ లాభం అనిపించలేదు.

చివరికి దొరికిన దారి ప్లాస్మాను చీల్చుకుపోవడం కాదు, అది పలుచగా ఉన్న చోటు నుంచి మాట్లాడటం. నౌక ముందు, అడుగున ప్లాస్మా చిక్కన. వెనక, పైన పలుచన. భూమ్మీది యాంటెన్నా కిందుంటుంది కాబట్టి ఎప్పుడూ చిక్కటి వైపు నుంచే మాట్లాడాలి. పైనున్న ఉపగ్రహంతో మాట్లాడితే? స్పేస్ షటిల్ తొలి రోజుల్లో పావుగంట దాకా మూగగా ఉండేది. రిలే ఉపగ్రహాలు వచ్చాక పైవైపు నుంచి వాటితో మాట్లాడుతూ దిగింది. 2024 మార్చి 14న స్పేస్‌ఎక్స్ వారి భారీ నౌక స్టార్‌షిప్ ఇదే దారిలో ఆ సంస్థ ఇంటర్నెట్ ఉపగ్రహాలైన స్టార్‌లింక్‌లకు వీడియో పంపింది. ఊదా, నారింజ ప్లాస్మా రెక్కను చుట్టుకోవడం జనం లైవ్‌లో చూశారు. స్టార్‌లింక్ పైకి పంపడానికి వాడేది 14 గిగాహెర్ట్జ్ దగ్గరి తరంగం. ఫ్రీక్వెన్సీ ఆరు రెట్లు పెరిగితే అడ్డుకోవడానికి 36 రెట్లు ఎలక్ట్రాన్లు కావాలి. డ్రాగన్‌కు ఆ వెసులుబాటు లేక ఏడు నిమిషాల దాకా మౌనంగానే దిగుతోంది.

ఇక్కడ ఒక గందరగోళం తీర్చాలి. కక్ష్యలో ప్రశాంతంగా తిరుగుతున్న నౌకల చుట్టూ కూడా మెరుపు కనిపిస్తుంది. 1982లో షటిల్ మూడో యాత్ర ఫోటోల్లో తోక మీద నారింజ కాంతి పడింది. చాలా చోట్ల దీన్నీ ప్లాస్మా అనేస్తున్నారు. ఆ ఎత్తుల్లో ఒంటరి ఆక్సిజన్ పరమాణువులు ఎక్కువ. అవి వచ్చి నౌక ఉపరితలానికి అంటుకున్న నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిస్తే పుట్టే నైట్రోజన్ డయాక్సైడ్ వెలుగుతుంది. అది చల్లటి రసాయన కాంతి. తమాషా ఏమిటంటే, అదే చోట నిజమైన ప్లాస్మా కూడా ఉంది. వాతావరణం పైభాగంలో ఎలక్ట్రాన్లు విడివడి ఉండే అయనోస్ఫియర్ పొరలో పగటిపూట ఘన సెంటీమీటరుకు పది లక్షల దాకా ఎలక్ట్రాన్లు ఉంటాయి. అంతరిక్ష కేంద్రం రాత్రింబవళ్లు ఆ ప్లాస్మాలోనే తిరుగుతోంది. కానీ అది మన కంటికి కనిపించేంత వెలగదు.

వేగం ఇంకా పెరిగితే ఈ వెలుగే కొత్త శత్రువు అవుతుంది. కక్ష్య వేగంలో వేడి ఎక్కువగా గాలి తాకిడి ద్వారా వస్తుంది. చంద్రుడి నుంచి వచ్చేటప్పుడు ప్లాస్మా నుంచి వెలువడే కాంతి కూడా కవచాన్ని కాలుస్తుంది. అప్పుడు మొద్దు ముక్కు లాభం తగ్గుతుంది, ఎందుకంటే ముక్కు ఎంత వెడల్పైతే వెలిగే పొర అంత మందం. డిజైనర్లు ఈ రెండింటి మధ్య బేరమాడాలి. ఆ బేరం ఎంత దూరం పోయిందో 1995 డిసెంబర్ 7న గెలీలియో ప్రోబ్ చూపించింది. బృహస్పతి ఆకర్షణ దాన్ని సెకనుకు 47 కి.మీ. వేగంతో లాక్కుంది. ముందున్న హైడ్రోజన్, హీలియం 15 వేల డిగ్రీలు దాటి వెలిగాయి. 339 కిలోల ప్రోబ్‌లో 152 కిలోలు ముందు కవచానిదే. అందులో 80 కిలోలు ఆవిరైపోయాయి. మిగిలిన కవచాన్ని వదిలేసి, పారాచూట్ విప్పుకుని, ప్రోబ్ దాదాపు గంటసేపు బృహస్పతి మేఘాల్లోంచి కొలతలు పంపింది.